యునిక్సు సంతతి: చిక్కు వచ్చినపుడు ఎవరిని అడుగవలెను?

కంప్యూటరు విద్యకు క్రొత్తగా వచ్చినవాడు, ఉచితముగా దొరకు సిస్టములను గురించి విని, వానిలో ఏది మేలైనదని అడుగుట పరిపాటి. ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, డెబియన్, స్లాక్‌వేర్, ఉబుంటు - ఈ పేర్లు వినినంతనే తల తిరుగును. ఇవి అన్నియు యునిక్సు అను ఒకే మూలపురుషుని సంతతి. కొన్ని కన్నబిడ్డలు, కొన్ని పెంపుడు బిడ్డలు. ఆజ్ఞల పేర్లు, ఫైళ్ల అమరిక, పని చేయు తీరు చాలవరకు ఒక్కటే. ఒకదానిని నేర్చినవానికి రెండవదానిని నేర్చుట కష్టము కాదు. కష్టమంతయు మొదటిదానితోనే. అందుచేత అనుభవజ్ఞులు ఆ ప్రశ్నకు మరియొక ప్రశ్నను జోడింతురు: చిక్కు వచ్చినపుడు ఎవరిని అడుగవలెను? అమ్మిన దుకాణదారు ఉన్నచో అతనిని అడుగవచ్చును. ఊరక వచ్చిన వస్తువునకు దుకాణదారు ఎక్కడ? ఈ ప్రశ్న నేటిది కాదు. యునిక్సు వయసెంతో దీని వయసు కూడ దాదాపు అంతే. దీనికి ఒక్కొక్క కాలమున దొరకిన సమాధానమే ఈ సిస్టములలో ఒక్కొక్కదానికి దాని స్వభావమును ఇచ్చినది.

ఆపరేటింగ్ సిస్టము అనగా కంప్యూటరులోని లెక్కించు భాగమును, జ్ఞాపకమును, డిస్కును, తెరను, మీటలను వేరువేరు ప్రోగ్రాములకు పంచిపెట్టు పెద్ద ప్రోగ్రాము. ఉమ్మడి కుటుంబములో ఇంటిపెద్ద గదులను, గింజలను తగవు రాకుండ పంచినట్లు ఇది యంత్రమును పంచును. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు మల్టిక్స్ అను మహాసిస్టము నిర్మాణమునుండి తప్పుకొనెను. ఆ పనిలో ఉండిన కెన్ థాంప్సన్ ఊరక కూర్చుండలేక, పెద్దగా వాడుకలో లేని పీడీపీ-7 అను చిన్న యంత్రముపై స్వంతముగా ఒక సిస్టమును వ్రాయ మొదలిడెను. డెన్నిస్ రిచీ ఆయనతో చేయి కలిపెను. అదియే యునిక్సు. రెండేండ్లకు దానిని వాడ మొదలిడిన మొదటి పరాయివారు శాస్త్రజ్ఞులు కారు. అదే సంస్థలో పేటెంటు దరఖాస్తులను టైపు చేయు గుమాస్తాలు.

1971 నవంబరు 3వ తేదీ గల మొదటి మాన్యువలు చూడదగినది. అందు ఒక్కొక్క ఆజ్ఞకు క్లుప్తముగా ఒక్కొక్క వివరణము కలదు. 'దోషములు' అను శీర్షిక క్రింద ఆ ప్రోగ్రాములో తమకు తెలిసిన లోపములను వ్రాసినవారే ఒప్పుకొనిరి. తన సరుకులోని పుచ్చును తానే చాటుట ఏ వర్తకునికి రుచించును? మరియొక శీర్షిక 'యజమాని'. దాని క్రింద ఆ ప్రోగ్రామును వ్రాసినవాని గుర్తు ఉండెడిది. చిక్కు వచ్చినవాడు ఆ గుర్తును చూచి, వరండా వెంట నాలుగడుగులు నడిచి, ఆ గది తలుపు తట్టిన చాలును. వాడువాడును వ్రాయువాడును ఒకే కప్పు క్రింద ఉన్నంతకాలము ఇంతకంటె మంచి ఏర్పాటు అక్కరలేదు.

యునిక్సు ఆ కప్పు దాటి వెళ్లుటతో కథ మారెను. బెల్ ప్రయోగశాలలు ఏటీ అండ్ టీ అను టెలిఫోను సంస్థకు చెందినవి. 1956లో ప్రభుత్వముతో జరిగిన న్యాయస్థానపు ఒప్పందము ప్రకారము ఆ సంస్థ టెలిఫోను, తంతి వ్యవహారములకు వెలుపలి వ్యాపారము చేయరాదు. కావున విశ్వవిద్యాలయములు యునిక్సును కోరినపుడు స్వల్పమైన రుసుము తీసికొని, సోర్సుతో సహా, అనగా ప్రోగ్రాము మూలపాఠముతో సహా, టేపును ఇచ్చి ఊరకుండెడిది. షరతులు మాత్రము కఠినము: సొమ్ము ముందుగా చెల్లింపవలెను, సహాయము అడుగరాదు, తప్పులున్నను దిద్ది ఇచ్చు బాధ్యత లేదు. ఇంటి తాళములిచ్చి, ఇంటివాడు ఊరు విడిచి పోయినట్లే.

చిత్రమేమనగా యునిక్సు బలపడినది ఈ నిరాకరణ వలననే. ఎవరును చెప్పరని తేలిన పిమ్మట వాడువారు ఒకరినొకరు అడుగుకొనసాగిరి. 1974 మేలో న్యూయార్కు నగరమున కొలంబియా విశ్వవిద్యాలయములో సుమారు రెండు డజన్ల మంది వాడుకదారులు మొదటిసారి సమావేశమైరి. 1975లో వారి వార్తాపత్రిక వెలువడెను. నేను ఈ తప్పును ఇట్లు సరిచేసితిని, నీవు ఆ యంత్రమునకు దీనినెట్లు మార్చితివి అను తీరు సంభాషణలే అందలి సారము. సోర్సు చేతిలో ఉండుటచేత మాత్రమే ఇది సాధ్యమయ్యెను. మూతవేసిన పెట్టెను గురించి ఇద్దరు అజ్ఞానులు ఎంత మాటలాడుకొన్నను ప్రయోజనమేమి?

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు యునిక్సు టేపు చేరినది 1974 జనవరిలో. అక్కడి యంత్రము కారణము తెలియకుండ పలుమార్లు కూలుచుండెను. షరతుల మాట ఎట్లున్నను థాంప్సన్ సహాయము చేయ నిరాకరింపలేదు. అయితే ఆయన ఉన్నది దేశమునకు ఆవలి కొసనున్న న్యూజెర్సీలో. బర్క్‌లీలోని మోడెము తనంత తాను టెలిఫోనును అందుకొనజాలదు. కావున థాంప్సన్ యంత్రముల గదికి ఫోను చేయును. అక్కడి పరిశోధక విద్యార్థి రిసీవరును తీసి మోడెములో పొదుగును. అంతట థాంప్సన్ తన ఊరినుండియే కూలిన యంత్రపు జ్ఞాపకమును చదివి పరీక్షించును. చివరకు తేలినదేమనగా, తప్పు చాలవరకు డిస్కులను నడపు కంట్రోలరుది. రెండు డిస్కులను ఏకకాలమున వెదకించగలనని దాని కాగితములు చెప్పినవే గాని, అది ఆ పనిని నమ్మకముగా చేయజాలదు. యునిక్సు చరిత్రలో దూరమునుండి జరిగిన చికిత్సలలో తొలివానిలో ఇది యొకటి. సహాయమడిగినవాని వంతు రిసీవరును సరిగా పొదుగుట మాత్రమే. అయినను ఆ వంతు లేనిదే చికిత్స జరుగదు.

1975లో థాంప్సన్ ఒక సంవత్సరము బోధించుటకై బర్క్‌లీకి వచ్చెను. ఆ యేడే అక్కడ చేరిన బిల్ జాయ్ మొదలైన విద్యార్థులు యునిక్సునకు మెరుగులు దిద్దిరి. 1978 తొలినాళ్లలో జాయ్ ఆ మెరుగులను ఒక టేపుపై కూర్చి, ప్రతులు పంపు గుమాస్తా పనిని కూడ తానే చేసి, సుమారు 30 ప్రతులను పంపెను. బర్క్‌లీ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషను, క్లుప్తముగా బీఎస్‌డీ, పుట్టుక అది. 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ నేటి ఇంటర్నెట్టు భాషయైన టీసీపీ-ఐపీని విశ్వవిద్యాలయములకు విరివిగా చేర్చెను.

ఇంతలో ఆస్ట్రేలియాలో మరియొకటి జరిగెను. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయుడు జాన్ లయన్స్, యునిక్సు ఆరవ ముద్రణములోని కెర్నెలును, అనగా సిస్టములోని గర్భభాగమును, విద్యార్థులకు పాఠముగా చెప్పదలచెను. సుమారు 9,000 పంక్తుల సోర్సు ఒక సంపుటము. దానికి పంక్తివారీగా వ్యాఖ్యానము రెండవ సంపుటము. మన పండితులు కావ్యమునకు ప్రతిపదార్థ తాత్పర్యములు వ్రాసినట్లే ఆయన యంత్రభాషకు టీక వ్రాసెను. 1970 దశకము నడుమ సిద్ధమైన ఆ టీకను చదివినవాడు నిజమైన ఆపరేటింగ్ సిస్టము ఎట్లు పని చేయునో మొదటినుండి చివరివరకు తెలిసికొనగలడు. అంతకుముందు క్రొత్తవానికి అట్టి అవకాశము దాదాపు లేదు.

1979లో ఏడవ ముద్రణము వచ్చునప్పటికి యునిక్సు విలువ ఏటీ అండ్ టీకి తెలియవచ్చెను. సోర్సును తరగతిలో పాఠముగా చెప్పరాదని లైసెన్సులో చేరెను. లయన్స్ టీక బహిరంగముగా దొరకకుండ పోయెను. అయినను విద్యార్థులు దానిని ఫోటోకాపీలు తీసికొని, కాపీకి కాపీ తీసి, అక్షరములు మాసిపోయినను విడువక చదివిరి. పుస్తకముగా అది న్యాయముగా అచ్చయినది 1996లో. లయన్స్ కన్నుమూసినది 1998లో. తన టీకకు చెర వదలుటను ఆయన చూడగలిగెను. పాఠము చెప్పుటను నేరముగా చేసిన ఆ షరతును గురించి వ్యాపారదృష్టితో ఏమి సమర్థించినను, విద్యకు అది చేసిన కీడు స్పష్టము. చూపి చెప్పుటకు వీలులేని వస్తువును గురించి ఎవరు ఎవరికి ఏమి సహాయము చేయగలరు?

ఆ షరతు ఫలితముగా రెండు త్రోవలు ఏర్పడెను. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్, యునిక్సు సోర్సును చూపుటకు వీలులేదు గనుక, దానిని పోలిన చిన్న సిస్టమును స్వయముగా వ్రాసి, 1987లో పాఠ్యపుస్తకముతో పాటు ప్రకటించెను. దాని పేరు మినిక్స్. సామాన్యుడు కొనగల పీసీపై అది నడచును. రెండవ త్రోవ రిచర్డ్ స్టాల్‌మన్‌ది. 1983 సెప్టెంబరులో ఆయన, యునిక్సును పోలినదియు, అందరును చదివి, మార్చి, పంచుకొనదగినదియు అగు గ్నూ అను సిస్టమును నిర్మింతునని ప్రకటించెను. ఇంగ్లీషులో ఉచితమునకును స్వేచ్ఛకును ఒకటే మాట అగుటచేత ఆయన తన భావమును జీవితమంతయు వివరింపవలసి వచ్చెను. తెలుగులో ఆ తిప్పలు లేవు. ఆయన కోరినది స్వేచ్ఛ. వెల లేకపోవుట కాదు. 1989లో వెలువడిన ఆయన లైసెన్సు, జీపీఎల్, ప్రకారము మార్చిన ప్రోగ్రామును ఇతరులకు ఇచ్చువాడు దాని సోర్సును కూడ అవే హక్కులతో ఇచ్చి తీరవలెను. బర్క్‌లీవారి లైసెన్సునకు ఆ నిర్బంధము లేదు. వ్రాసినవారి పేరును నిలిపి, ఏమైనను చేసికొనవచ్చును. ఈ రెంటిలో ఏది స్వేచ్ఛ అనువాదము నేటికిని ముగియలేదు.

1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏండ్ల లీనస్ టోర్వాల్డ్స్, మినిక్స్ వాడువారి చర్చావేదికలో ఒక చిన్న ప్రకటన చేసెను. 386 యంత్రమునకు తానొక సిస్టమును వినోదార్థము వ్రాయుచున్నాననియు, మినిక్స్‌లో ఏవి నచ్చినవో, ఏవి నచ్చలేదో తెలుపవలసినదనియు దాని సారాంశము. అనగా లినక్సు లోకమునకు తెలిసినది ప్రశ్న రూపముననే. సమాధానములు వచ్చెను, పిదప దిద్దుబాట్లు వచ్చెను. టానెన్‌బామ్ మినిక్స్‌ను విద్యార్థుల కొరకు చిన్నదిగానే ఉంచదలచి, పంపిన మార్పులలో పెక్కింటిని త్రోసిపుచ్చుచుండెను. టోర్వాల్డ్స్ స్వీకరించుచుండెను. 1992 తొలినాళ్లలో లినక్సు జీపీఎల్ క్రిందికి వచ్చెను. గర్భభాగము లినక్సు, చుట్టునున్న పనిముట్లు గ్నూవి. రెండును కలిసి ఒక సిస్టమయ్యెను.

నిజమునకు ఆ స్థానము బీఎస్‌డీది కావలసినది. కీత్ బోస్టిక్ అను బర్క్‌లీ ఉద్యోగి, ఏటీ అండ్ టీ సోర్సు అంటుకొనియున్న ఉపకరణములను మరల క్రొత్తగా వ్రాయుటకు స్వచ్ఛంద సేవకులను పిలిచెను. ప్రతిఫలము ఒక్కటే, వ్రాసిన ఉపకరణము ప్రక్కన తమ పేరు. సుమారు 400 మంది పాల్గొనిరి. 1991 జూనులో వెలువడిన రెండవ నెట్‌వర్కింగ్ విడుదలలో ఆరు కెర్నెలు ఫైళ్లు మాత్రమే కొరవడెను. వాని స్థానమున క్రొత్తవానిని వ్రాసి, బిల్ జోలిట్జ్, లిన్ జోలిట్జ్ దంపతులు 1992లో 386బీఎస్‌డీని పీసీలకు తెచ్చిరి. అప్పుడే ఏటీ అండ్ టీ వారి యునిక్సు శాఖ, బర్క్‌లీ సంతతిని అమ్ముచున్న ఒక చిన్న సంస్థపైనను, పిదప విశ్వవిద్యాలయముపైనను వ్యాజ్యము వేసెను. 1994లో రాజీ కుదురువరకు బీఎస్‌డీని వాడుట క్షేమమో కాదో ఎవరును చెప్పలేకపోయిరి. రాజీలో తీసివేయవలసి వచ్చిన ఫైళ్లు 18,000లో మూడు మాత్రమే! ఆ మూడింటికై రెండేండ్లు గడచెను. ఆ రెండేండ్లలో క్రొత్తవారు లినక్సు వైపు మరలిరి. 386బీఎస్‌డీ ముందే దొరకియుండినచో తాను లినక్సును వ్రాసియుండకపోవచ్చునని టోర్వాల్డ్స్ 1993లో చెప్పెను.

386బీఎస్‌డీకి మరియొక చిక్కు వచ్చెను. వాడువారు పంపిన దిద్దుబాట్లు గుట్టలుగా పడుచుండగా, జోలిట్జ్‌కు వానిని కలుపు తీరిక లేకపోయెను. వాడుకదారులలో కొందరు 1993లో విడివడి నెట్‌బీఎస్‌డీని స్థాపించిరి; వీలైనన్ని జాతుల యంత్రములపై దానిని నడపుట వారి లక్ష్యము. కొద్దినెలలకే మరికొందరు ఫ్రీబీఎస్‌డీని మొదలిడిరి. వీరు పీసీనే పట్టుకొని, అంతగా సాంకేతిక జ్ఞానము లేనివారిని ఉద్దేశించి, సులభముగా ఎక్కించుకొను ఏర్పాట్లు చేసి, చౌకగా సీడీలపై పంచిరి. హ్యాండ్‌బుక్ అను వారి మార్గదర్శిని ఆ దృష్టినుండి పుట్టినదే. 1995లో థియో డి రాట్ నెట్‌బీఎస్‌డీ నుండి వేరుపడి ఓపెన్‌బీఎస్‌డీని స్థాపించెను. భద్రత దాని ముఖ్య లక్ష్యము. మాన్యువలులోని తప్పును ప్రోగ్రాములోని తప్పుతో సమానముగా ఎంచుట దాని మరియొక గుణము.

లినక్సు లోకమున సహాయము మరొక విధముగా పెరిగెను. లినక్సు అనునది గర్భభాగము మాత్రమే గనుక, దానిని పనిముట్లతో కూర్చి అందించు కూర్పులు వెలసినవి. తొలి కూర్పులలో ఒకటైన ఎస్‌ఎల్‌ఎస్ తప్పులతడకగా ఉండుటచేత, దానిని సరిదిద్దుకొనుచు పాట్రిక్ వోల్కర్‌డింగ్ స్లాక్‌వేర్‌ను, దానితో విసిగి ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను, రెండును 1993లోనే, ప్రారంభించిరి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న మార్గదర్శిని వ్రాసి పంచు ఉద్యమమును వాడుకదారులు నడిపిరి. ఊరూర సంఘములు ఏర్పడి, కంప్యూటర్లను ఒకచోటికి మోసికొనివచ్చి, క్రొత్తవారికి లినక్సును ఎక్కించి ఇచ్చెడివి. 1997 సంవత్సరమునకు ఉత్తమ సాంకేతిక సహాయ బహుమతిని అమెరికాలోని ఇన్ఫోవరల్డ్ పత్రిక ఏ కంపెనీకిని గాక లినక్సు వాడుకదారుల సమూహమునకు ఇచ్చెను. జీతము లేని సహాయకులు జీతగాండ్రను మించిరన్నమాట.

అయితే ఈ సమూహములు ఎల్లవేళల మృదువుగా ఉండెడివని తలంపరాదు. మాన్యువలు చదివి చావుమని క్రొత్తవానిని కసరుట ఒక ఆచారమే అయ్యెను. కసరువాని పక్షమునను కొంత న్యాయము కలదు. అదే ప్రశ్నకు నూరవసారి ఊరక సమాధానము చెప్పువానికి ఓపిక నశించుట వింత కాదు. కాని మాన్యువలును చదువుటకు సైతము కొంత నేర్పు కావలెను. ఆ నేర్పు లేకనే గదా అతడు అడిగినది. ప్రశ్నను ఎట్లు అడుగవలెనో వివరించు వ్యాసమొకటి ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ 2001లో ప్రకటించిరి. 2004 అక్టోబరులో డెబియన్‌పై ఆధారపడి వెలువడిన ఉబుంటు, సహాయకులు మర్యాద తప్పరాదని ప్రవర్తనా నియమావళినే పెట్టుకొనెను. కోరినవారికి వెల లేకుండ సీడీలను తపాలా ద్వారా 2011 వరకు పంపెను. క్రొత్తవారు దానిచుట్టు అంతగా చేరుటకు గల కారణములలో ఈ మర్యాదయు నొకటి.

నేడు ఎన్నుకొనువాడు ఈ చరిత్రను ఇట్లు వినియోగించుకొనవచ్చును. ఒకేచోట వరుసగా చదివి నేర్చుకొను అలవాటు గలవానికి ఫ్రీబీఎస్‌డీ హ్యాండ్‌బుక్, ఓపెన్‌బీఎస్‌డీ మాన్యువలు సరిపడును. కెర్నెలు మొదలు చిన్న ఆజ్ఞవరకు ఒకే బృందము చేతిలో ఉండుటచేత వానిలో మాటకును చేతకును తేడా తక్కువ. తనవంటి తొలిమెట్టువారు వేలకొలది అడిగిన ప్రశ్నలలో తన ప్రశ్నను వెదకుకొనువానికి ఉబుంటు, డెబియన్ మేలు. ఆర్చ్ అను కూర్పు క్రొత్తవానికి కఠినమే గాని, దాని వాడుకదారులు వ్రాసిన విజ్ఞానభాండారమును ఇతర కూర్పులవారును చదివి లాభము పొందుచున్నారు. అన్నిటికంటె మిన్న, దగ్గరలోని మిత్రుడు దేనిని వాడునో దానిని ఎన్నుకొనుట. బెల్ ప్రయోగశాల వరండాకు సాటివచ్చునది నేటికిని అదియే.

తెలుగువారికి హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ తెలుగు అక్షరములతో కూడిన సిస్టమును రూపొందించి, కళాశాలలలో ప్రచారము చేసినది. డెబియన్‌ను ఎక్కించునపుడు ఎన్నుకొనదగిన భాషలలో తెలుగు కూడ కలదు. తెలుగు తెరతో పనిచేయువాడు చిక్కు వచ్చినపుడు మాత్రము ఆ ఆజ్ఞవరకు భాషను ఇంగ్లీషునకు మార్చి, దోషసందేశమును ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాసి అడుగుట మంచిది. ఇతరులు అదే సందేశముతో అడిగిన ప్రశ్నలు అప్పుడే కంటబడును. సిస్టము పేరు, దాని సంఖ్య, తాను చేసినది, జరుగవలసినది, జరిగినది - ఇంతమాత్రము వ్రాసినచో రిసీవరును సరిగా పొదిగినట్లే. 1971 మాన్యువలులోని 'దోషములు' శీర్షిక నేటి మాన్యువళ్లలోను కానవచ్చును. 'యజమాని' శీర్షిక మాత్రము పోయినది. అయినను డెబియన్‌లోని ప్రతి ప్యాకేజీకిని దానిని చూచుకొను వ్యక్తి పేరో, బృందము పేరో వ్రాసియుండును. రిపోర్ట్‌బగ్ అను చిన్న ప్రోగ్రామును నడిపినచో, తప్పును తెలుపు జాబు ఎల్లరకు కనబడు పట్టికలో చేరి, ఒక సంఖ్యను పొంది, వారికి అందును.